కూడలిలో ఆఖరి సెమిస్టర్

సంక్రాంతి వెళ్ళిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఎం.టెక్‌లో ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీరింగ్ చదువుతూ నాలుగో సెమిస్టర్లో అడుగుపెట్టిన పిల్లలు. "సార్, ఎక్కడైనా ఇంటర్న్‌షిప్ చూపించండి" అంటారు. వరంగల్ ఎన్.ఐ.టి.లో, ఉస్మానియాలో, జె.ఎన్.టి.యు.లో ఈ కోర్సు ఏళ్ళ తరబడి నడుస్తోంది. ఆ పిల్లల్లో చాలామంది మనసు ముందే హైదరాబాద్ వెళ్ళిపోయి ఉంటుంది. అక్కడొక కన్సల్టెన్సీ ఆఫీసు, ఏసీ గది, కంప్యూటర్లో విస్సిమ్ లాంటి సాఫ్ట్‌వేర్. తెర మీద బొమ్మ కార్లు వరసగా ఆగుతాయి, వరసగా కదులుతాయి. నేను మాత్రం విశాఖపట్నంలోని గాజువాక రమ్మంటాను.

ట్రాఫిక్ నేర్చుకోవడానికి ఈ రాష్ట్రంలో ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్ళే పదహారో నంబరు జాతీయ రహదారి, పెద్దవాళ్ళు ఇప్పటికీ ఐదో నంబరు అనే రోడ్డు, ఊరి నడిమధ్య నుంచి పోతుంది. ఒక పక్క 1933లో తెరిచిన విశాఖ పోర్టు, మల్కాపురం రిఫైనరీ, సింధియా దగ్గర షిప్‌యార్డు. ఇంకో పక్క ఉక్కు ఫ్యాక్టరీ, దాన్ని ఆనుకుని గంగవరం పోర్టు. మధ్యలో ఆటోనగర్ షెడ్లు, ఫ్యాక్టరీకి భూములిచ్చి లేచివచ్చిన ఊళ్ళవాళ్ళ కాలనీలు, బంగారం కొట్లు, బట్టల కొట్లు, స్కూళ్ళు. ఉక్కు కాయిల్ మోస్తున్న ట్రైలర్, స్కూలు పిల్లల ఆటో, ఆర్టీసీ బస్సు, కంపెనీ బస్సు, అరటిపళ్ళ తోపుడుబండి ఒకే నిమిషంలో ఒకే సిగ్నల్ ముందు ఆగడం చూడాలంటే పాత గాజువాక జంక్షన్లో నిలబడితే చాలు.

నిలబడటమే ఈ విద్యలో మొదటి పాఠం. క్లిప్‌బోర్డు మీద ఫారం ఉంటుంది. అడ్డంగా ఒక్కో గడి పదిహేను నిమిషాలు. నిలువుగా బండ్ల రకాలు: మోటారు సైకిల్, ఆటో, కారు, వ్యాన్, బస్సు, రెండిరుసుల లారీ, మూడిరుసుల లారీ, ట్రైలర్, సైకిల్. బండి గీత దాటగానే పెన్సిల్‌తో ఒక గీత, నాలుగు నిలువు గీతలయ్యాక అయిదోది అడ్డంగా. పక్క మేడ మీద కెమెరా పెట్టి, తర్వాత గదిలో కూర్చుని వీడియో చూస్తూ లెక్కపెట్టే పద్ధతి ఇప్పుడు ఎక్కువైంది. వద్దనను, దానివల్ల లెక్క తప్పదు. కానీ మొదటి వారం పెన్సిలే పట్టాలంటాను. మేడ మీద నుంచి చూస్తే బండ్లన్నీ డబ్బాలే. కింద నిలబడితే, సిగ్నల్ పచ్చబడ్డాక కాయిల్ ట్రైలర్ డ్రైవరు గేరు మార్చే లోపు అతని వెనక ఎంత పచ్చకాంతి వృథా అయిపోతుందో తెలుస్తుంది. ఆ ట్రైలర్ రెండు పక్కల సందుల్లోంచి మోటారు సైకిళ్ళు ముందుకు దూరి ఆగే గీత దాటి గుంపుకట్టడం, పచ్చ పడీ పడకముందే ఆ గుంపు లేచిపోవడం కనిపిస్తుంది. సిగ్నల్ సమయాలు లెక్కకట్టడానికి మన పిల్లలు నేర్చుకునే సూత్రం 1958లో వెబ్‌స్టర్ అనే ఆయన ఇంగ్లండులో తయారు చేసింది. అక్కడి బండ్లు ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. మన రోడ్ల తీరుకు తగిన లెక్కలతో మన సొంత పుస్తకం, ఇండో-హెచ్‌సీఎం, దిల్లీలోని కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో తయారయ్యేసరికి 2017 వచ్చింది. అది ఒక సిగ్నల్ దగ్గర ఎందుకు అవసరమైందో పేజీలు తిప్పితే తెలియదు, అరగంట రోడ్డు మీద ఉంటే తెలుస్తుంది.

ఆ మధ్య ఒక అమ్మాయి వచ్చింది. శ్రీకాకుళం వైపు పిల్ల, పెద్దగా మాట్లాడదు. మొదటి రోజు ఇచ్చిన ఫారం ఇచ్చినట్టే నింపింది. రెండో రోజు చూస్తే కుడి అంచున మార్జిన్లో స్కేలు పెట్టి కొత్త గడులు గీసుకుని ఉంది. పైన రాసుకుంది: 'నడిచేవాళ్ళు'. మా ఫారంలో ఆ గడి లేదు. ఇంకో రోజు గడిచేసరికి ఆ ఒక్క గడీ రెండయింది. ఒక్క ఊపున రోడ్డు దాటినవాళ్ళు ఒకవైపు, సగం దాటి డివైడర్ మీద చిక్కుకున్నవాళ్ళు ఇంకోవైపు. మధ్యాహ్నం ఎండలో నెత్తిన చేపల గంపతో ఒకావిడ డివైడర్ మీద ఆగి, ఈ పిల్ల చేతిలో స్టాప్‌వాచ్ చూసింది. "ఏటమ్మా, మమ్మల్ని కూడా లెక్కెడతన్నావేటి? రాసుకో, రాసుకో. రోజూ దాటతాం" అని మిగతా సగం దాటేసింది. ఆ మిగతా సగానికి పద్నాలుగు సెకన్లు పట్టింది.

ఆ పద్నాలుగు సెకన్ల గురించి చెప్పాలి. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని సిగ్నల్ లెక్కల్లో వేసుకుంటాం. మూడు వరుసల రోడ్డు, ఒక్కో వరుస మూడున్నర మీటర్లు అనుకుంటే మొత్తం 10.5 మీటర్లు. భాగిస్తే తొమ్మిది సెకన్ల లోపే. కాగితం మీద అది సరిపోతుంది. గంప మోసేవాళ్ళకి, చంటిబిడ్డనెత్తుకున్న తల్లికి, మోకాళ్ళు అరిగిన పెద్దాయనకి సరిపోదు. సగటు మనిషి కోసం వేసిన లెక్కలో నెమ్మదిగా నడిచేవాళ్ళు రోడ్డు మధ్యలో ఉండగానే పచ్చదీపం అటువైపు బండ్లకు పడిపోతుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. వాళ్ళలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళే. ఇది కేంద్ర రవాణా శాఖ అచ్చేసిన లెక్క. అంతమంది పోతున్నా, బండ్లు లెక్కపెట్టే ఫారంలో వాళ్ళకి గడి ఉండదు. కావాలంటే వేరే సర్వే, దానికి వేరే ఖర్చు, సాధారణంగా ఎవరూ అడగరు.

మన లెక్క కట్టే పద్ధతిలోనే ఈ చిక్కు ఉంది. రకరకాల బండ్లను ఒకే కొలతలోకి తేవడానికి కారును 1 అనుకుంటాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఊరి వెలుపలి రోడ్లకిచ్చిన పట్టికలో మోటారు సైకిల్ అర, లారీ లేదా బస్సు 3, పెద్ద ఎడ్లబండి 8. రోడ్డు మీద ఎంత చోటు తీసుకుంటుంది, ఎంత అడ్డుపడుతుంది అన్నదే ఈ అంకెలు చెబుతాయి. ఆ పనికి అవి మంచివే. కానీ ఉదయం కూర్మన్నపాలెం నుంచి అరవై మందిని మోసుకొచ్చే ఆర్టీసీ బస్సు ఈ లెక్కలో మూడు కార్లు. ఆ మూడు కార్లలో నలుగురే ఉండొచ్చు. ఫ్లైఓవర్ వేయాలా, బస్సులకు విడిగా దారి ఇవ్వాలా, జనం దాటడానికి సిగ్నల్ పెట్టాలా అని తేల్చేటప్పుడు ఈ ఒక్క అంకెనే చూస్తే జవాబు ఎటు వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. లెక్కలో లేనివాళ్ళకి డిజైన్లో చోటుండదు.

అందుకే ఆఖరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ మీద నాకింత పట్టుదల. ఉద్యోగంలో చేరాక ఏం లెక్కపెట్టాలో క్లయింట్ చెబుతాడు. ఎన్ని జంక్షన్లు, ఎన్ని గంటలు, ఏ ఫారం అన్నీ టెండరు కాగితంలోనే ఉంటాయి, దాని ప్రకారమే బిల్లు. ఎంత మంచి ఇంజినీరైనా దాన్ని దాటి మార్జిన్లో కొత్త గడి గీయడానికి తీరిక దొరకదు, డబ్బూ దొరకదు. ఈ నాలుగైదు నెలలు మాత్రం విద్యార్థి చేతిలో ఉంటాయి. తనకు తోచిన ప్రశ్న తనే అడగొచ్చు. ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో మళ్ళీ రాని వెసులుబాటది. దాన్ని ఎవరో పంపిన డేటాను సాఫ్ట్‌వేర్లో ఎక్కించడానికి ఖర్చుపెట్టేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

గాజువాకలో అడగాల్సిన ప్రశ్నలు బోలెడు. పుస్తకంలో రద్దీ గంటలంటే ఉదయం ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. ఉక్కు ఫ్యాక్టరీ షిఫ్టులు మారేది ఉదయం ఆరుకి, మధ్యాహ్నం రెండుకి, రాత్రి పదికి. పుస్తకం చెప్పిన గంటల్లోనే నిలబడి వెళ్ళిపోయినవాళ్ళకి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఇక్కడ పుట్టే రద్దీ కనబడదు. రాత్రి పదిన్నరకి షిఫ్టు దిగి ఇంటికి వెళ్ళే కాంట్రాక్టు కార్మికులు ఏ బండెక్కుతారు, ఎక్కడ దిగి నడుస్తారు? నాకు తెలిసి ఏ విద్యార్థీ ఇంతవరకు రాయలేదు. ఊరి వెలుపలి రహదారుల్లో లెక్కంటే ఏడు రోజులు, రోజుకి ఇరవై నాలుగు గంటలు అని రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో 1972లోనే చెప్పింది. పట్నంలో ఒక్క మంగళవారం తీసిన లెక్కతో సరిపెట్టుకుంటున్నాం.

ఇంకోటి బరువుల సంగతి. 2018 జులైలో కేంద్రం లారీల ఇరుసు బరువు పరిమితి పెంచింది. నాలుగు టైర్ల ఇరుసు మీద అంతవరకు 10.2 టన్నులే, అప్పట్నుంచి 11.5 టన్నులు. ఎనిమిదో వంతు పెరిగిందంతే కదా అనిపిస్తుంది. కానీ రోడ్డుకి తగిలే దెబ్బ బరువుతో సమంగా పెరగదు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయిలో నిజం లారీలను నిజం రోడ్ల మీద రేయింబవళ్ళు తిప్పి తేల్చిన విషయం ఇది: దెబ్బ సుమారుగా బరువుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఆ లెక్కన ఎనిమిదో వంతు అదనపు బరువుకి రోడ్డు మీద పడే భారం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పోర్టు నుంచి, ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే రోడ్ల మీద తారు ఎందుకు గాడి కడుతుందో, ఆ గాడిలో జారి స్కూటరు ఎందుకు పడుతుందో అన్నది ఈ ఒక్క లెక్కతో ముడిపడి ఉంది. పోర్టబుల్ తూనిక పలకలు తెచ్చి, పోలీసుల సాయంతో లారీలాపి తూచే సర్వే విద్యార్థులు తప్పకుండా ఒకసారైనా చూడాలి. డ్రైవర్లతో మాట్లాడే అవకాశం కూడా అప్పుడే దొరుకుతుంది. ఎక్కడ లోడెక్కింది, ఎక్కడ ఎన్ని గంటలు ఆగింది, ఎక్కడ నిద్రపోయాడు. మొదట వాళ్ళు చలాను రాయడానికి వచ్చారనుకుని మాట్లాడరు. కాలేజీ పిల్లలని తెలిశాక టీ ఇప్పించి మరీ చెబుతారు.

డబ్బు సంగతి దాటేయకూడదు. గేట్ రాసి చేరినవాళ్ళకి నెలకి 12,400 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. గేట్ లేనివాళ్ళకి అదీ లేదు. గాజువాకలో గది అద్దె, మెస్సు, రోజూ ఆటో ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? కొన్ని కంపెనీలు ఇంటర్న్ అని పేరు పెట్టి, రోజుకూలీకి పిలవాల్సిన మనుషుల బదులు ఈ పిల్లల్ని ఎండలో నిలబెట్టి, వాళ్ళు తీసిన లెక్కకి క్లయింట్ దగ్గర బిల్లు చేసుకుని, పిల్లల చేతిలో సర్టిఫికెట్ పెట్టి పంపడం కళ్ళారా చూశాను. ఫ్రాన్సులో రెండు నెలలు దాటిన ఇంటర్న్‌షిప్‌కి భృతి ఇచ్చి తీరాలని చట్టమే ఉంది, ఆరు నెలలకు మించి ఉంచుకోకూడదని కూడా. మనకి అలాంటి చట్టం వచ్చేదాకా కనీసం కాలేజీలైనా ఒక మాట మీద నిలబడొచ్చు: విద్యార్థి తీసిన లెక్కను కంపెనీ అమ్ముకుంటే అందులో విద్యార్థికి కూలి ముట్టాలి, రిపోర్టులో పేరు ఉండాలి.

చివరిగా, ఆ ఫారాల సంగతి. శ్రీకాకుళం అమ్మాయి థీసిస్ బైండు చేయించి సమర్పించింది, డిగ్రీ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఆమె పెన్సిల్ గీతలున్న అసలు కాగితాలు మాత్రం ఎవరూ అడగలేదు. నా దగ్గర అట్టపెట్టెలో ఉన్నాయి. ఏటా ఎన్ని కాలేజీల్లో ఎందరు పిల్లలు ఇలా లెక్కలు తీస్తారో, అన్నీ ఇంతే. థీసిస్‌లో సగటులు, గ్రాఫులు మిగులుతాయి, అసలు లెక్క చిత్తుకాగితాల్లోకి పోతుంది. థీసిస్‌తో పాటు అసలు ఫారాలు కూడా సమర్పించాలని యూనివర్సిటీలు ఒక్క నిబంధన పెడితే చాలు. తేదీ, గంట, ఎండా వానా, ఏ మూలన ఏ కొట్టు ముందు నిలబడి రాశారో పైన ఉండాలి. వాటి నకలు ఒకటి నగరపాలక సంస్థ జీవీఎంసీకి, ఇంకొకటి ప్రాంతీయ అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏకి వెళ్ళాలి.

ఇది ఇప్పుడే ఎందుకంటున్నానంటే, ఈ రోడ్డు ఇలాగే ఉండదు. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లికి సుమారు 51 కిలోమీటర్ల ఆరు వరుసల రోడ్డు పడ్డాక దూరప్రాంతాల లారీలకి ఊళ్ళోకి రాకుండా పోయే దారి దొరికింది. అంతకు ముందు తీసిన లెక్కలు ఇవాళ్టి గాజువాకవి కావు. ప్రభుత్వం తలపెట్టిన మెట్రోలో ఉక్కు ఫ్యాక్టరీ జంక్షన్ నుంచి కొమ్మాది దాకా 34.4 కిలోమీటర్ల మొదటి కారిడార్ ఈ రోడ్డు మీదుగానే ఉంది. గాజువాక నుంచి ఉక్కు ఫ్యాక్టరీ జంక్షన్ దాకా సుమారు నాలుగు కిలోమీటర్లు కింద ఫ్లైఓవర్, పైన మెట్రోగా కట్టాలన్నది ప్రతిపాదన. ఆ స్తంభాలు లేచాక నడిచేవాళ్ళకి మేలు జరిగిందా, కీడు జరిగిందా అని ఎవరైనా అడిగితే, అంతకు ముందు ఎందరు, ఎక్కడ, ఎన్ని సెకన్లలో దాటేవారో చెప్పే కాగితం చేతిలో ఉండాలి. ఆ కాగితం తర్వాత ఎంత డబ్బు పోసినా తయారు కాదు. ఈ వేసవికి గాజువాక వచ్చే విద్యార్థి ఎవరైనా సరే, నా దగ్గరున్న అట్టపెట్టె ఇస్తాను. ఆ అమ్మాయి నిలబడిన మూలలోనే, ఆ గంటల్లోనే నిలబడి, మార్జిన్లో గీసిన ఆ రెండు గడులతోనే మొదలుపెట్టవచ్చు.