'గ్రామ్య' శబ్దము: అర్థము, ప్రయోగము

లక్షణమును వీడిన భాషకు తెలుగు వైయాకరణులు పెట్టిన పేరు 'గ్రామ్యము'. గ్రామమునకు సంబంధించినదని దీని వ్యుత్పత్త్యర్థము. 13వ శతాబ్దమున కేతన 'ఆంధ్రభాషాభూషణము'న తెలుగును ఐదు తెరగులుగా విభజించి, గ్రామ్యమును అందొకటిగా లెక్కించెను. 1858 నాటి 'బాలవ్యాకరణము'న చిన్నయసూరి దానిని లక్షణవిరుద్ధమైన భాషగా నిర్వచించి, అనుకరణమునందు మాత్రము ప్రయోగార్హమనెను. ఒకచో భేదమును దెలిపిన పదము మరియొకచో దోషవాచకమయ్యెను.

ఈ మార్పు రాయచూరు తెలుగువారికి పట్టనిది కాదు. 1956లో ఆ జిల్లా మైసూరు రాష్ట్రమున చేరగా, గద్వాల, ఆలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమున కలిసినవి. ఎల్లకు ఆవల నిలిచిన తెలుగు కన్నడ, ఉర్దూల సాంగత్యమున నున్నది కావున, గ్రామ్యమను మాట దానికి సులభముగా తగులుకొనును. ఈ ప్రయోగము విచారణకు నిలువదు. 'దుకాణము', 'జాగ' వంటివి అన్యదేశ్యములే కాని, అంతమాత్రమున లక్షణవిరుద్ధములు కావు. క్రియారూపములను జూచినచో, పొరుగున నున్న కర్నూలు సీమలో నేటికిని వినవచ్చు 'వచ్చినాడు' సూత్రసమ్మతము. కోస్తా జిల్లాల శిష్టవ్యవహారమందలి 'వచ్చాడు' సూరి కొలత చొప్పున గ్రామ్యము. అయినను లోకము రెండవదానినే ప్రమాణముగా గైకొన్నది.

కావున వ్యవహారమున గ్రామ్యత యనగా లక్షణమును దాటుట కాదు, ప్రమాణకేంద్రమునకు దూరమగుటయే. రాయచూరు కోటలోని 1294 నాటి తెలుగు శాసనము ఆ నేలపై ఈ భాషకు గల ప్రాచీనతను చాటుచున్నది. అట్టి చోటి పలుకును గ్రామ్యమనువారు, అది ఏ లక్షణమును దాటినదో ముందుగా చూపవలయును.