చేదబావి, రోదసి నౌక: ‘థ్రస్ట్’ ఆట

బచ్చన్నపేట ప్రాంతంలో బావిలోనుంచి చేదతో నీరు తోడినవారికి ఒక సంగతి తెలుసు. నిండు చేద కాస్త ఊగినదా, గోడకు కొట్టుకుంటుంది. కంగారుపడి గుంజితే ఊపు మరింత పెరుగుతుంది. 1986లో జెరెమీ స్మిత్ బి.బి.సి. మైక్రో అనే గృహ కంప్యూటరు కొరకు వ్రాసిన ‘థ్రస్ట్’ ఆట చాలవరకు ఈ అనుభవం మీదనే నిలిచి ఉన్నది.

కథలో కొత్తదనం లేదు. సామ్రాజ్యాన్ని ఎదిరించే తిరుగుబాటుదారులు ‘క్లిస్ట్రాన్’ గోళాలను శత్రు గ్రహాలనుండి ఎత్తుకొని రావలెను, అంతే.

గొప్పతనమంతా నౌక నడకలో ఉన్నది. దానిని త్రిప్పవచ్చును, ఇంజను మండించవచ్చును. బ్రేకు మాత్రం లేదు. పడిపోతున్న నౌకను ఆపవలెనంటే ముక్కు పైకి త్రిప్పి ఇంజను వేయవలసినదే. గోళం తగిలించుకోగానే లెక్క మారిపోతుంది. నౌక, గోళం ఒక బిగువైన కడ్డీతో కలిసి ఒకే వస్తువు అవుతాయి. ఇంజను తోపు ఆ జంట యొక్క ద్రవ్యరాశి కేంద్రం గుండా పోకుండా పక్కకు పోయినదంటే రెండూ గిరగిర తిరుగుతాయి. నల్లబల్ల మీద అరగంట చెప్పినా అంతుపట్టని భ్రామకం ఇక్కడ ఒక్క ప్రమాదంతో బోధపడుతుంది. ఇదంతా 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి గల యంత్రంపై జరిగినది! మన దేశంలో 1984లో ఆరంభమైన ‘క్లాస్’ పథకం క్రింద పాఠశాలలకు వచ్చినవి ఈ బి.బి.సి. మైక్రోలే. నేడు ఆ యంత్రం లేకున్నా, దానిని అనుకరించే సాఫ్ట్‌వేరుతో మామూలు కంప్యూటరుపై ఆడవచ్చును.

లోపాలు లేకపోలేదు. క్లిస్ట్రాన్ అనేది నిజానికి 1937లో అమెరికాలో వేరియన్ సోదరులు రూపొందించిన శూన్యనాళిక. అది సూక్ష్మతరంగాల బలాన్ని పెంచుతుంది. అందుకు విద్యుత్తును తీసుకుంటుంది గాని ఇవ్వదు. దానిని నౌకలకు శక్తినిచ్చే వస్తువుగా చూపడం పేరును అరువు తెచ్చుకోవడమే. రియాక్టరు సంగతి ఇంకా విపరీతం. దానిని కాల్చితే శత్రువుల తుపాకులు కొంతసేపు మూగపోతాయి. అదేపనిగా కాల్చితే 10 సెకండ్లలో గ్రహమే పేలిపోతుంది. గోళంతో బయటపడి, గ్రహాన్ని కూడ నాశనం చేసినవానికి అదనపు మార్కులు! రియాక్టరు కరిగిపోవచ్చును, చుట్టుపక్కల నేలను పాడుచేయవచ్చును. గ్రహాన్ని బద్దలు కొట్టలేదు. ఉపాధ్యాయుడు దీనిని ప్రశ్నించకుండా వదలరాదు.

ఆరు గ్రహాలు ముగిసిన పిమ్మట గురుత్వం తలక్రిందులవుతుంది. ప్రకృతిలో ద్రవ్యరాశులు ఒకదానినొకటి ఆకర్షించుకొనుటయే గాని నెట్టుకొనుట ఎవరూ చూడలేదు. ఐనను ఇక్కడ కొట్టివేయ పనిలేదు. సమీకరణంలో ‘జి’ ముందు గుర్తు మార్చితే నౌక ఏమగునో విద్యార్థులచేత మొదట కాగితం మీద వ్రాయించి, ఆపైన ఆడించి చూడవచ్చును.