చీకటిలో చూచు కళ్లద్దములు: ఒక విమర్శ

సైనికుల రాత్రిదృష్టి కళ్లద్దములు కటికచీకటిని పట్టపగలు చేయునని పలువురు మెచ్చుకొందురు. ఈ మెప్పులో సగమే నిజము. ఆ సాధనము ప్రతి దశలోను ఒక లోపమును తీర్చి, మరియొక లోపమును తెచ్చిపెట్టినది.

మొదటి దశను గ్రహించుటకు చాపాడు పొలములు చాలును. రాత్రివేళ కె.సి. కాలువ నీరు మడికి కట్టు రైతు టార్చిలైటు వేసికొనును. ఆ వెలుగులో అతనికి కనబడునది నాలుగు గట్లు. అతడు మాత్రము పొలము ఆవలి కొసకు కూడ కనబడును. రెండవ ప్రపంచయుద్ధమునాటి పరికరము ఇట్టిదే. దానికొక దీపము కలదు. అది కంటికి కానరాని పరారుణ కాంతిని ముందుకు చిమ్మును. వస్తువులను తాకి తిరిగివచ్చిన కాంతి గాజుగొట్టములోని సీసియపు పూతపై పడగా ఎలక్ట్రానులు వెలువడి, ఎదుటి తెరను తాకి బొమ్మను చూపును. ఇట్టి గొట్టమును 1934లో హాలెండులోని ఫిలిప్సు ప్రయోగశాలలో హోల్స్టు బృందము రూపొందించెను. 1945లో జర్మనులు 'వాంపిర్' అను పేర దీనిని తుపాకికి బిగించి, 13 కిలోలకు పైబడిన బ్యాటరీని సైనికుని వీపునకెత్తిరి. ఆ సంవత్సరమే అమెరికనులు ఒకినావాలో 'స్నైపర్‌స్కోపు'ను వాడిరి. శత్రువువద్ద అట్టి గొట్టము లేనంతవరకే ఇది రక్షణ. ఉన్ననాడు దీపము వేసినవాడే గురి యగును.

1960 దశకములో వియత్నాం యుద్ధమునకు వచ్చిన 'స్టార్‌లైట్ స్కోపు' ఆ దీపమును తీసివేసినది. మూడు గొట్టములను వరుసగా కూర్చి నక్షత్రకాంతినే వేలరెట్లు పెంచినది. కాని మబ్బు కమ్మిన అమావాస్యనాడు పెంచుటకు కాంతియే కొరవడును. బరువా, మూడు కిలోలకు దగ్గర.

తరువాత సన్నని గాజుబిళ్లలో లక్షలాది సూక్ష్మరంధ్రములను ఏర్పరచిరి. రంధ్రపు గోడను తాకిన ప్రతి ఎలక్ట్రాను మరికొన్నిటిని వెలువరించును. గొట్టము పొట్టియై కళ్లముందర ఇమిడినది. 1970 దశకపు ఎ.ఎన్./పి.వి.ఎస్.-5 కళ్లద్దములు ఇట్లు పుట్టినవే. వీనిలో కనబడునది 40 డిగ్రీల వలయము మాత్రమే. వట్టికంటికి ఇరువైపుల కలిపి 180 డిగ్రీలకు పైగా కనబడును. నేలపై నడచు సైనికునికై చేసిన దానిని హెలికాప్టరు నడుపువారికిచ్చిరి. ముఖమంతయు కప్పు ఆ చట్రము క్రిందనున్న మీటరులను చూడనీయలేదు. చివరకు చట్రమును కోసివేయవలసి వచ్చినది. వైమానికులకు వేరుగా ఏ.ఎన్./ఏ.వి.ఎస్.-6 తయారైనది. ఇది భౌతికశాస్త్రపు దోషము కాదు. గొట్టమును కొలిచి, ధరించు మనిషిని కొలువకపోవుటయే దోషము.

ఈ విచారణ మనకు దూరమైనది కాదు. మచిలీపట్నములో 1926లో వెలసిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో చేరినది. రాత్రిదృష్టి పరికరములు అచట తయారగుచున్నవి. ఎంతదూరము చూపునని అడుగుట సగము పరీక్ష. ఏమి చూడనీయదు, ధరించినవానిని శత్రువునకు పట్టియిచ్చునా యని అడుగుట మిగిలిన సగము. సైనికుని ప్రాణము ఈ రెండవ సగముపైననే ఆధారపడియున్నది.