చుట్టల బల్లల దగ్గర మెక్సికో, రష్యా

రాసిందేదైనా పైకి చదివి వినిపిస్తే గానీ నాకు తృప్తి ఉండదు. వినేవాళ్ల చూపు ఎక్కడ గడియారం మీదికి పోతుందో అక్కడ వాక్యం చచ్చినట్టే. అందుకే క్యూబా చుట్టల ఫ్యాక్టరీల్లో చదివి వినిపించేవాళ్లంటే నాకు కాస్త అసూయ.

ఆ ఆచారం 1865లో హవానాలో మొదలైంది. వందలాది మంది పొగాకు చుడుతుంటే ఒకరు ఎత్తు పీట మీద కూర్చుని చదవాలి. కూలి యజమానిది కాదు, కార్మికులే తలా కాస్త వేసుకుని ఇచ్చేవారు. హ్యూగో నవలా, జోలా నవలా అన్నదీ వాళ్లే తేల్చేవారు. నచ్చితే ఆకు కోసే కత్తులతో బల్లల మీద టకటకలాడించేవారు. అంతకంటే నిక్కచ్చి సమీక్ష ఏ పత్రిక వేస్తుంది? ఏడాది తిరక్కుండానే స్పానిష్ పాలకులు నిషేధం పెట్టారంటే ఈ చదువు బలం వాళ్లకూ అర్థమైందన్నమాట. ఆచారం మాత్రం చావలేదు.

1910లో మెక్సికోలో విప్లవం రగిలింది. అక్కడి అరాజకవాది ఫ్లోరెస్ మాగోన్ పత్రిక ‘రెహెనెరసియోన్’ క్యూబా అరాజకవాదుల చేతికి వచ్చేది, హవానా వారపత్రిక ‘తియెర్రా’ కూడా ఆ పోరాటం గురించి రాసేది. నాకు ఆసక్తి కలిగించేది వార్త కాదు, ఫ్యాక్టరీ పీట మీంచి దాన్ని మోసిన గొంతు. పత్రికా నవలా ఒకే మనిషి నోట, ఒకే పూనకంతో విన్నవాళ్లకు దూరదేశపు తిరుగుబాటు రేపటి అధ్యాయంలాగే అనిపించి ఉంటుంది. 1917 విప్లవం తర్వాత రష్యా కూడా అంతే. అచ్చుపని చేసే క్యూబా అరాజకవాది ఆంతోనియో పెనిచెత్ ఇంకో అడుగు వేసి, 1919లోనూ 1921లోనూ తిరుగుబాటుదారులే నాయకులుగా నవలలు రాశాడు.

కథ వినడానికి అలవాటుపడ్డ చెవులకు ఒక ఇబ్బంది ఉంది: అవి నాయకుణ్ణి వెతుక్కుంటాయి. బోల్షివిక్కులు రష్యాలోని అరాజకవాదులను జైళ్లలో పెడుతున్నారనీ, 1921లో తిరగబడ్డ క్రోన్‌స్టాట్ నావికులను అణచేశారనీ తెలిశాక చాలామంది అరాజకవాదులకు ఆ కథ చేదైపోయింది. మరికొందరు మాస్కో వైపే నడిచారు. ఒకప్పుడు ఫ్లోరిడాలో పొగాకు పని చేసిన కార్లోస్ బలీన్యో 1925లో క్యూబా కమ్యూనిస్టు పార్టీ స్థాపకుల్లో ఒకడయ్యాడు.

ఆ పీటలు నేటికీ ఉన్నాయి. కాకపోతే 1959 విప్లవం తర్వాత ఫ్యాక్టరీలు ప్రభుత్వానివయ్యాయి, చదివేవారి జీతమూ అక్కడినుంచే వస్తోంది. పొద్దున్నే చదివేది ‘గ్రాన్మా’, పార్టీ పత్రిక.