పొగ పరీక్ష: పత్రము చెప్పని సంగతి

సీతమ్మధారనుండి జాతీయ రహదారిపైకి వచ్చు ప్రతి మోటారు వాహనదారుని వద్దను ఒక చిన్న పత్రము ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. తన బండి పొగ హద్దులో ఉన్నదని తెలుపు పత్రమది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలోని 115వ నిబంధన దీనికి ఆధారము. భారత్ స్టేజి 4, 6 తరగతుల బండ్లకు ఏడాదికొకమారును, అంతకు పాతవానికి ఆరు నెలలకొకమారును పరీక్ష జరుగవలెను. ఉద్దేశము మంచిదే. కాని ఈ పరీక్ష దేనిని కొలుచుచున్నది? దేనిని విడిచిపెట్టుచున్నది? విజ్ఞానశాస్త్రము చదువువారు అడుగవలసిన ప్రశ్న ఇది.

పెట్రోలు బండిని నిలిపి, ఇంజనును బరువు లేకుండ తిరుగనిచ్చి, పొగలోని కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బనుల పాళ్ళను చూచెదరు. డీజిలు బండి విషయమున, నిలిచియున్న బండి ఇంజనునే ఒక్కసారిగా వేగింపజేసి, వెలువడు పొగ కాంతిని ఎంత అడ్డగించునో చూచెదరు. రెంటియందును నత్రజని ఆక్సైడులను కొలువరు.

ఈ లోపము చిన్నది కాదు. గాలిలోని నత్రజని, ప్రాణవాయువు సామాన్యముగా కలియవు. ఇంజను లోపల వేడి సుమారు 1500 సెంటిగ్రేడు డిగ్రీలు మించినపుడు అవి విశేషముగా కలిసి ఈ ఆక్సైడులగును. ఇవి ఊపిరితిత్తులకు హాని చేయును. ఎండలో హైడ్రోకార్బనులతో కూడి ఓజోనును పుట్టించును. బరువుతో ఎత్తెక్కు లారీలో ఇవి ఎక్కువ. ఊరక తిరుగు ఇంజనులో తక్కువ. కాబట్టి ఇప్పటి పద్ధతిలో వానిని కొలిచినను నిజము తేలదు. నిద్రించు కూలివాని నాడి చూచి, అతడు బస్తా మోయగలడని చెప్పినట్లుండును.

మన విశాఖపట్టణమునకు ఈ సంగతి మరింత ముఖ్యము. ఉత్తరమున కైలాసగిరి శ్రేణి, దక్షిణమున యారాడ కొండ, నడుమ పల్లమున ఊరు. చలికాలపు ఉదయములలో నేలనంటిన గాలి చల్లగాను, పైగాలి వెచ్చగాను ఉన్నపుడు పొగ పైకి లేవదు. 2019లో ఆరంభమైన జాతీయ స్వచ్ఛవాయు పథకములో ఈ నగరము చేరియున్నది. రేవు, ఉక్కు కర్మాగారము, చమురుశుద్ధి కర్మాగారము ఉన్న ఊరిలో నేరమంతయు వాహనములపై మోపుట న్యాయము కాదు. అయినను పొగగొట్టపు పొగ ఎత్తున వెలువడును. బండి పొగ బడిపిల్లవాని ముక్కుకు దగ్గరగా వెలువడును.

ఇంతకును మన నియమములన్నియు విఫలము కాలేదు. 2000 సంవత్సరములో సీసము కలిపిన పెట్రోలు దేశమంతట ఆగిపోయినది. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 అమలులోనికి వచ్చి, ఇంధనములోని గంధకము పదిలక్షల పాళ్ళలో 50 నుండి 10కి తగ్గినది. ఇచ్చట దోషమును మూలముననే, శుద్ధి కర్మాగారములోను బండ్ల కర్మాగారములోను, సరిదిద్దిరి. వీధి మూలనున్న పరీక్షకుని ఓపికపై అది ఆధారపడలేదు.

మూలమున పెట్టిన నియమమునకును కాపలా అవసరమే. పరీక్షాశాలలో ఉన్నానని కనిపెట్టి, అప్పుడు మాత్రమే పొగ తగ్గించు కంప్యూటరు ఏర్పాటును వోక్స్‌వాగన్ కార్లలో పెట్టినట్లు 2015లో అమెరికాలో బయటపడినది. నిజమైన రోడ్డుమీద కూడ పొగను కొలువవలెనను నియమము మన దేశమున 2023 ఏప్రిల్ నుండి క్రొత్త కార్లకు వచ్చినది. క్రొత్త బండికి అవసరమని ఒప్పుకొన్న ఈ సత్యము పాతబండికి ఎందుకు వర్తింపదు? రోడ్డుకడ్డముగా కాంతికిరణమును పంపి, పోవుచున్న బండి పొగను కొలుచు సాధనములు ఉన్నవి. వానిని ముందు రేవు లారీల దారులలో వాడవచ్చును.

విద్యుత్ వాహనములు వచ్చిన చిక్కు తీరునని కొందరందురు. వీధిలో పొగ తగ్గుట నిజమే. కాని పరవాడ వద్దనున్న 2000 మెగావాట్ల సింహాద్రి కేంద్రము బొగ్గుతో నడచుచున్నది. ఆ లెక్కయు చూడవలెను.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక పొగపత్రమును తెప్పించి, అందులో ఏ వాయువుల పేర్లున్నవో, ఏవి లేవో విద్యార్థులచేత వ్రాయింతురు గాక. కొలువనిదానిని అదుపులో ఉన్నదనుట శాస్త్రము కాదని వారికి ఆ కాగితమే బోధించును.