'ప్రొసెయుఖే' పదవిచారము

క్రొత్త నిబంధన గ్రీకు మూలమున ప్రార్థనకు విరివిగా వాడబడిన పదము 'ప్రొసెయుఖే'. దీనిని రెండుగా విఱిచి, 'ప్రొస్' అనగా అభిముఖముగా, 'ఎయుఖే' అనగా కోరిక, కావున ప్రార్థన యనగా దేవునితో ముఖాముఖిగా కోరికలను ఇచ్చిపుచ్చుకొనుటయే యని కొందఱు వ్యాఖ్యాతలు వివరింతురు. వినుటకు ఇంపుగనే యున్నది; కాని నిలువదు. 'ప్రొస్' ఇచట ఎవరికి మ్రొక్కుచున్నారో ఆ వైపును తెలుపు ఉపసర్గ మాత్రమే. ఇచ్చిపుచ్చుకొనుట అందు లేదు. అదియునుగాక, క్రీ.పూ. 3వ శతాబ్దినాటి ఈజిప్టు శాసనములలో యూదుల ప్రార్థనామందిరమునకే 'ప్రొసెయుఖే' యని పేరు. ముక్కలు కలిపినంతమాత్రమున అర్థము వచ్చునేని ఈ కట్టడ మెచటినుండి వచ్చినది? బైబిలు వ్యాఖ్యాతల యీ యలవాటును జేమ్స్ బార్ 1961లోనే గట్టిగా ఖండించెను.

అయినను 'ఎయుఖే' చరిత్ర తెలియదగినది. దాని క్రియారూపమగు 'ఎయుఖొమై' హోమరు కావ్యములలో వేడుకొనుట, మ్రొక్కుకొనుట యనియే కాక, వీరుడు తన వంశమును గర్వముగా చాటుకొనుట యనియు అర్థమిచ్చును. ప్రతిజ్ఞ చేయుట యను అర్థముగల లాటిను 'వొవెఓ', ఋగ్వేదమున యాజకుని తెలుపు 'వాఘత్' దీనికి జ్ఞాతులు. క్రొత్త నిబంధనలో ఉపసర్గ లేని 'ఎయుఖే' మూడు తావులనే కలదు. యాకోబు పత్రికలో (5:15) అది ప్రార్థన. అపొస్తలుల కార్యములలో రెండుమార్లును (18:18, 21:23) మ్రొక్కుబడి. అందు మొదటిది, మ్రొక్కుబడి యున్నందున కెంక్రేయలో తలవెండ్రుకలు తీయించుకొనిన ప్రస్తావము. తిరుపతి నెఱిగిన తెలుగువానికి దీనిని విడమరచి చెప్ప నక్కఱలేదు. వందనమును బాసయు తనలో నిముడ్చుకొనిన మన 'మ్రొక్కు'ను మించిన మాట 'ఎయుఖే'కు వేఱొకటి దొరకదు. పరభాషల నడుమ తెలుగు బోధించు నావంటివానికి ఇది కొంత గర్వకారణమే.

అట్లని 'ప్రొసెయుఖే' కంతటను మ్రొక్కని వ్రాయరాదు. హీబ్రూ లేఖనములను గ్రీకులోనికి తెచ్చినవారు 'తెఫిల్లా' శబ్దమునకు దీనిని వాడిరి. తెఫిల్లాలో స్తుతియు విలాపమును వేడికోలును అన్నియు గలవు. ఒక అక్కఱ తీర్చుమని యడుగుటకు 'దెయేసిస్' అను వేఱుపదము కలదు. ఫిలిప్పీయుల పత్రికలో (4:6) రెండును ప్రక్కప్రక్కనే యున్నవి.

మఱి ధాతువునుబట్టి 'ప్రార్థన' యాచనయే గదా, అది తగదందురా? విఱుపువాదులకు చెప్పిన సమాధానమే ఇచటను చెల్లును. అడుగునది యేమియు లేక కన్నీరు కార్చినను, స్తుతించి ఊరకున్నను, తెలుగు క్రైస్తవుడు దానిని ప్రార్థన యనియే వ్యవహరించుచున్నాడు.