నోటి ఊపిరే నైవేద్యం

నైలు ఒడ్డు దేవతల్లారా, మిమ్మల్ని లోకం చావు దేవతలంటుంది. సమాధులే చూసింది కనుక అలాగే అంటుంది. మీవాళ్ళు బతకడానికి పచ్చి ఇటుకలతో ఇళ్ళు కట్టుకున్నారు, పోయాక ఉండడానికి రాతితో కట్టుకున్నారు. ఇటుక ఒండ్రులో కలిసిపోయింది, రాయి నిలిచింది. నిలిచినదాన్నే చూసి తీర్పు చెప్పేశాం. నేను మాత్రం మీ పాటను సమాధి దగ్గర ఎత్తుకోను, నీళ్ళ దగ్గర ఎత్తుకుంటాను.

మొదట నీళ్ళే. నూన్ అనే అంతులేని చీకటి నీళ్ళు. అందులోంచి ఒక దిబ్బ తేలింది, దాని మీద అతూమ్ తనంతట తానే వెలిశాడు. ఏటా వరద తీస్తుంటే నల్లమట్టి దిబ్బలు ఒక్కొక్కటే తల ఎత్తడం చూసిన రైతుకి ఈ సృష్టి కథను వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. సిరియస్ నక్షత్రం డెబ్బై రోజులు కనబడకుండా పోయి, ఎండాకాలంలో ఒక తెల్లవారుజామున తూర్పున మళ్ళీ మెరిసేది. వెనకే నది పొంగేది. శవాన్ని మమ్మీగా కట్టి సిద్ధం చేసే గడువూ డెబ్బై రోజులే. చుక్క పోయి వచ్చినట్టే మనిషీ పోయి వస్తాడని వాళ్ళ లెక్క.

హాపీ, వరదకు రూపానివి నువ్వు. మగవాడివే, అయినా వేలాడే రొమ్ములు, బానపొట్ట, నీలి ఒళ్ళు. పాలిచ్చే తండ్రివి! రాజుకో గుడి, రాజు మెచ్చిన దేవుడికో గుడి కట్టిన దేశంలో నీకంటూ పొలాలే మిగిలాయి. అవే నీకు చాలుననుకుంటాను.

సూర్యదేవుడివైన రా, నువ్వు పొద్దున పేడపురుగువి, మధ్యాహ్నం డేగవి, సాయంత్రం కర్ర పట్టుకున్న ముసలివాడివి. ఆకాశమైన నూత్ నిన్ను మాపటివేళ మింగి, తెల్లారేసరికి మళ్ళీ కంటుంది. ఆ మధ్య పన్నెండు గంటలూ నీ పడవ పాతాళపు నీళ్ళ మీద నడవాలి, అపోఫిస్ అనే మహాసర్పం అడ్డం పడాలి, దాన్ని రోజూ ఓడించాలి. తెల్లవారడం వాళ్ళకు మామూలు విషయం కాదు, రోజూ గెలవాల్సిన యుద్ధం. అందుకే గుళ్ళో పూజారి తెల్లవారుతూనే గర్భగుడి తలుపు మీది మట్టి ముద్ర పగలగొట్టి, పాట పాడి దేవుణ్ణి నిద్రలేపేవాడు. ఒళ్ళు తుడిచి, కొత్త బట్ట కట్టి, పరిమళం పూసి, భోజనం పెట్టేవాడు. దేవుడు ఆరగించాక అది పూజారుల ఇళ్ళకు చేరేది. సుప్రభాతమూ ప్రసాదమూ ఎరిగిన మనకు ఇది కొత్తగా అనిపించదు. (ఇక్కడి నుంచి అక్కడికో, అక్కడి నుంచి ఇక్కడికో వెళ్ళిందని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నమ్మకండి. దేవుణ్ణి ఇంటి పెద్దలా చూసుకోవాలనుకున్న చోటల్లా పని ఇలాగే సాగుతుంది.)

ధర్మదేవత మాఅత్, అందరికన్నా నీకే ఎక్కువ మొక్కుతాను. తలలో నిప్పుకోడి ఈక తప్ప నీకు వేరే ఆయుధం లేదు. తక్కెడలో ఒక పళ్ళెంలో చనిపోయిన మనిషి గుండె, ఇంకో పళ్ళెంలో నీ ఈక. నక్క తల అనూబిస్ ముల్లు సరిచూస్తాడు. కొంగ ముక్కు థోత్ లెక్క రాస్తాడు. మొసలి నోరు, సింహం జూలు, నీటి ఏనుగు పిరుదులు ఉన్న అమ్మిత్ పక్కనే కూర్చుని ఎదురుచూస్తుంది. 42 మంది న్యాయాధికారుల ముందు చనిపోయినవాడు ఒక్కొక్క తప్పూ చెప్పి, అది తాను చెయ్యలేదనాలి. ఎవరినీ ఏడిపించలేదని, తూకంలో మోసం చెయ్యలేదని, పసిపిల్లల నోటి దగ్గరి పాలు లాక్కోలేదని, పారే నీటికి అడ్డుకట్ట వెయ్యలేదని. నీటి తగువులు తెలిసిన జాతి కనుక ఆ చివరి మాటను స్వర్గం గుమ్మం దాకా మోసుకెళ్ళింది.

ఇంత జరిగాక కూడా వాళ్ళకు భయం పోలేదు. అందుకే పేడపురుగు ఆకారంలో ఒక రాయి చెక్కి, దాని మీద మంత్రం రాసి, శవం గుండెల మీద పెట్టేవారు. ఆ మంత్రం దేవుణ్ణి వేడుకోదు, సొంత గుండెనే వేడుకుంటుంది. తక్కెడ దగ్గర నాకు ఎదురు తిరిగి సాక్ష్యం చెప్పొద్దని బతిమాలుతుంది. ఇది న్యాయాన్ని మోసగించే ఎత్తు అని కొందరు పండితులంటారు. నాకలా తోచదు. తన గుట్టంతా ఎరిగిన సాక్షి తన లోపలే ఉందని వణికినవాడికి ధర్మం తెలియదని ఎలా అనగలం?

రాజులకు ఆమున్ ఉంటే ఉండొచ్చు, నొప్పులు పడుతున్న ఆడదానికి బేస్ ఉన్నాడు. దొడ్డికాళ్ళ మరుగుజ్జు, నాలుక బయటపెట్టి దయ్యాలను బెదిరించేవాడు. పక్కనే నిండు కడుపుతో నీటి ఏనుగు తవరెత్. లక్సర్‌కు అవతలి ఒడ్డున, రాజుల సమాధులు చెక్కే పనివాళ్ళ ఊరు దెయిర్ ఎల్ మెదీనాలో ఇలాంటి దేవుళ్ళదే రాజ్యం. ఆ ఊరి నెఫెరాబూ అనేవాడు ప్తాహ్ దేవుడి పేరు మీద అబద్ధపు ఒట్టు వేశాడు. దేవుడు పట్టపగలే చీకటి చూపించాడని తన తప్పు తానే రాతి మీద చెక్కించుకున్నాడు, ఊరందరూ చూసి జాగ్రత్తపడాలని. ఆ రాయి ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పిరమిడ్ కన్నా నాకు ఆ రాయి పెద్దది.

ఐసిస్ తల్లీ, మొగుడు ఒసైరిస్‌ను సేత్ ముక్కలు చేసి పారేస్తే, చెల్లెలు నెఫ్తిస్‌ను వెంటబెట్టుకుని ఏరుకున్నావు. రెక్కలు ఆడించి అతనికి ఊపిరి పోశావు. హోరుస్‌ను కని, జమ్ముపొదల్లో దాచి పెంచావు. నీ పూజ పాంపేకీ, రోముకూ, లండన్‌కూ పాకింది. చివరికి నీ ఫిలే దీవి మీదే కొడిగట్టింది. 394 ఆగస్టు 24న నెస్మెతెరఖెమ్ అనే పూజారి అక్కడి గోడ మీద మందూలిస్ దేవుడి బొమ్మ పక్కన నాలుగు మాటలు చెక్కాడు. తేదీ తెలిసిన చిత్రలిపి రాతల్లో అదే ఆఖరిది. ఆరో శతాబ్దంలో జస్టినియన్ నీ గుడి మూయించాడు, లోపల చర్చి వెలిసింది. 1822లో షాంపోలియన్ చిత్రలిపి తాళం తీసేదాకా, ఆ ఆఖరి రాత తర్వాత 1,400 ఏళ్ళకు పైగా, నీ గోడలు మాట్లాడుతూనే ఉన్నాయి, వినగలిగినవాడే లేడు. తాళంచెవి దొరికింది కూడా కోప్టిక్ క్రైస్తవుల ప్రార్థనల్లో బతికున్న నీ భాష ఆఖరి రూపం సాయంతోనే.

అయితే మీరు పోయారా? 1970లో అస్వాన్ హై డ్యామ్ పూర్తయి హాపీకి సంకెళ్ళు పడ్డాయి. ముంపు తప్పించడానికి ఫిలేను 1972 నుంచి 1980 మధ్య రాయి రాయి విప్పి పక్కనున్న అగిల్కియా దీవి మీద మళ్ళీ కట్టారు. కానీ ఈజిప్టు రైతు ఇంకా తూత్, బాబా, హాతూర్ అంటూ మీ నెలల్లోనే విత్తుల వేళ చూస్తాడు. థోత్ పేరు మొదటి నెలలో, హాథోర్ దేవత పేరు మూడో నెలలో ఉన్నాయి. ఒకప్పుడు ఆమున్ పడవను కర్నాక్ నుంచి భుజాల మీద మోసుకొచ్చిన లక్సర్ గుడిలోనే ఇప్పుడు సూఫీ అబుల్ హగ్గాగ్ మసీదు ఉంది. ఆయన ఉత్సవంలో ఏటా పడవలు వీధుల్లో ఊరేగుతాయి. అమెరికాలో కొందరు ఇంట్లో మీకు పీఠం వేసి మళ్ళీ కొలుస్తున్నారు. 2021 ఏప్రిల్ 3న కైరోలో 22 రాజ మమ్మీలను కొత్త మ్యూజియానికి ఊరేగించినప్పుడు అమీరా సెలీం మీ ప్రాచీన భాషలోనే ఐసిస్‌ను పాడింది. ఆ పేరు మళ్ళీ వినబడింది.

పేరే కదా అంతా. ఆఖెనాతెన్ రాజు ఆమున్ పేరును గోడల మీంచి చెక్కించేశాడు, ఆయన పోయాక ఆయన పేరునూ చెక్కేశారు. ఒళ్ళు పోవడం ఒక చావు, పేరు పోవడం రెండో చావు. అందుకే సమాధి గోడల మీద దారినపోయేవాళ్ళకు ఒక విన్నపం చెక్కించుకునేవారు. రొట్టె తెమ్మని కాదు, రొట్టె అనమని. వెయ్యి రొట్టెలు, వెయ్యి కడవల బీరు అని పేరు పెట్టి పలికితే చాలు, అది ముడుతుంది. నోటి ఊపిరే తప్ప మీకేం ఖర్చు అని కూడా కొన్నిటి మీద రాయించారు. నోరు విప్పితే ముత్యాలు రాలవుగా అన్నట్టు!

హైదరాబాద్ నాంపల్లిలో, పబ్లిక్ గార్డెన్స్‌లోని తెలంగాణ స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు అమ్మాయి ఒకతె మమ్మీగా పడుకుని ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చాడని, ఏడో నిజాం మ్యూజియానికి ఇచ్చాడని చెబుతారు. నైషు అని పిలుస్తారు. ఈసారి అటు వెళ్తే ఫోను తీసే ముందు ఆ పేరు పలికి, వెయ్యి రొట్టెలు, వెయ్యి కడవల బీరు, కోరినన్ని మంచినీళ్ళు అనండి. తెలుగులో అన్నా చెల్లుతుంది. ఫలానా భాషలోనే అనాలని వాళ్ళు షరతు పెట్టలేదు.